ఎనిమిది బారలు తక్కువైన తాడు

కరోనా భయం తగ్గి జనం మాస్కులు తీసేసిన ఏడాది అది. మేడ్చల్ బస్ డిపో దాటి మార్కెట్టు వైపు తిరిగితే ఎడమచేతి పక్కన మా తాళ్ల దుకాణం. పెట్టింది మా ఆయన. ఆయన పోయినప్పటి నుంచి నేనే కూర్చుంటున్నాను. చదివింది మూడో తరగతి. అయినా తాళ్ల గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలానే ఉంది.

తాళ్లలో చెప్పేదేముంటుంది అనుకుంటారు. బర్రెను కట్టే పలుపు మెత్తగా ఉండాలి, లేకపోతే మెడ ఒరుసుకుపోతుంది. లారీ మీద సరుకు బిగించే తాడు సాగకూడదు. బోరు మోటారు దించే తాడు నెలల తరబడి నీళ్లలో నానినా కుళ్లకూడదు. తాటిచెట్టు ఎక్కేవాళ్ల మోకు సంగతి వేరు. మనిషి నడుమునూ చెట్టునూ కలిపి పట్టుకునేది అదే. దాన్ని అమ్మే ముందు మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడిమి చూస్తాను. కంటికి కనపడని నలుగుడు వేలికి తెలుస్తుంది.

కొలత బారల్లో. రెండు చేతులూ బారచాపితే ఈ వేలి కొన నుంచి ఆ వేలి కొన దాకా ఒక బార. నేను పొట్టిదాన్ని కాబట్టి నా బార అయిదడుగులే. మీటర్ల టేపు ఉంది, మేకుకు వేలాడుతూ ఉంటుంది.

నాకొక పట్టింపు ఉండేది. ఎవరికైనా అవసరానికి మించి తాడు కోయను. పది బారలు కావాలని వచ్చినవాడిని ఎందుకో అడిగి, ఏడు చాలని తేల్చి, ఏడే ఇచ్చి పంపేదాన్ని. మిగిలిన ముక్క ఎవరింటి పంచలోనో ఎండకు ఎండి పీచైపోవడం నాకు సహించదు. "అవ్వ దగ్గర బేరం ఉండదు, మోసం ఉండదు" అని మార్కెట్టులో పేరు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. దాన్ని తగ్గించిన సంగతే ఇది.

యాదగిరి మాకు పాత గిరాకీ. శామీర్‌పేట అవతల ఊరు వాళ్లది. వాళ్ల నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, మోకు మా దగ్గరే కొనేవాడు. తాటిచెట్లున్న పొలాలు ప్లాట్లయ్యాక యాదగిరి ఆ పని వదిలి, కొత్త కాలనీల్లో చెట్ల కొమ్మలు కొట్టే పని పట్టాడు. నలభై ఏళ్ల మనిషి. వెంట బావమరిది నర్సింలు. ఒకడు చెట్టు మీద, ఒకడు నేల మీద.

ఒకరోజు పొద్దున్నే వచ్చి ఒక తాడు ముక్క నా ముందు పెట్టాడు. బొటనవేలంత లావు. పైన చొక్కాలా అల్లిక, లోపల తెల్లటి పోగులు.

"ఏందిరా ఇది? పామోలె ఉన్నది."

"చెట్లెక్కే తాడు అవ్వా. ఉప్పల్ దిక్కు ట్రైనింగ్ వెట్టిండ్రు, వోయొచ్చిన. ఇగ మోకు బంద్. నడుముకు, తొడలకు పట్టీలు కట్టుకునుడు. దాన్ని హార్నెస్ అంటరు. ఇసొంటి తాడు నాకు దెప్పియ్యి."

నేను వెంటనే ఊ అనలేదు. కొత్త తాడును చూస్తే అది ఎలా అల్లారో, ఎంత బరువు ఆపుతుందో తెలుసుకునే దాకా నాకు అన్నం సయించదు. మోకు ఏం పాపం చేసిందని అడిగాను.

"మోకు మీదున్నోనికి చెయ్యి ఇరిగిందనుకో. ఎవలు దింపాలె? ఇంకొకడు ఎక్కాలె. ఎక్కెటోడు లేకుంటే ఆడనే. మా నాయిన దోస్తు గట్లనే పోయిండు. గీ కొత్త కాయిదల ఎవ్వలు ఎక్కనక్కరలేదు. కిందికెళ్లే దింపొచ్చు."

"కిందికెళ్లి ఎట్ల దింపుతరు?"

కింద నిలబడే ఎలా దింపుతారో చూపిస్తానన్నాడు. దుకాణంలో తాళ్లు వేలాడదీసే ఇనుప కడ్డీ ఉంది. సన్నటి పురికొస తీసుకొని దాని మీదుగా వేశాడు. ఒక కొసకు నా తాళంచెవుల గుత్తి కట్టాడు. రెండో వైపు పురికొసను నా ముక్కాలిపీట కాలుకు రెండు చుట్లు చుట్టి పట్టుకున్నాడు.

"గీ కడ్డీ చెట్టు మీది కొమ్మల సందు. గుత్తి నేను. అసలు చెట్టుకైతే నా దిక్కు తాడు నేలదాక ఏలాడుతది, నేను దాన్ని వట్టుకొనే ఎక్కుత. పీట కాలు చెట్టు మొదలు. మొదట్ల కట్టే కట్టును బేస్ యాంకర్ అంటరు. మొదట్ల ఎనిమిది అంకె లెక్క ఇనుప బిళ్ల ఉంటది, తాడు దాంట్లకెళ్లి మెలికలు తిరుగుతది. నేను పైన మూర్ఛపోయిన అనుకో, నర్సిగాడు కింద బిళ్ల కాడ తాడు మెల్లగ ఇడుస్తడు. సూడు."

పీట దగ్గర వేళ్లు సడలించాడు. తాళంచెవుల గుత్తి మెల్లగా కిందికి దిగి నేల మీద కూర్చుంది. నాకు నచ్చింది. మళ్లీ చేయమన్నాను. మళ్లీ చేశాడు. మూడోసారి నేనే పీట దగ్గర కూర్చొని దించాను. పీట పక్కన మిగిలిన పురికొస కుప్పగా పడి ఉంటే కాలితో పక్కకు తోశాను కూడా.

బేగంబజారులో ఒక సేటు ద్వారా ఆ రకం తాడు చుట్ట తెప్పించాను. యాదగిరి వచ్చాడు. ఎంత కావాలంటే ఇరవై ఆరు బారలన్నాడు.

"ఎంత ఎత్తు చెట్లెక్కుతవ్?"

"ఎక్కువల ఎక్కువ నలభై అడుగులు. నీ బారలల్ల ఎనిమిది."

"పైకి ఎనిమిది, కిందికి ఎనిమిది, పదారు. ముడులకు, బిళ్లకు రెండు. పద్దెనిమిది. ఇరవై ఆరెందుకు?"

"సారు సెప్పిండవ్వా, ఎత్తుకు మూడింతలు ఉండాలెనని."

"మూడో ఇంత ఎందుకన్నడు?"

అతను తల గోక్కున్నాడు. "అదీ... జెర్ర ఎక్కువుండాలెనని..."

"ఎందుకో తెల్వకుంట ఎనిమిది బారలు మోసుకతిరుగుతవా? సెప్పెటోనికేంది, మోసెటోనికి తెలుస్తది బరువు. నీ నాయినకు నేను ఒక్క మూర ఎక్కువ అమ్మలేదు, నీకు అమ్ముతనా?"

"నీ ఇష్టం అవ్వా. తాళ్ల ముచ్చట నీకంటే నాకెరుకనా?"

పద్దెనిమిది బారలు కొలిచి కోశాను. ఆ రోజు ఒక మనిషికి మేలు చేశానన్న తృప్తితోనే దుకాణం కట్టేశాను.

ఆ తాడుతో అతను అయిదారు నెలలు పని చేశాడు. ఎక్కాడు, కొమ్మలు కొట్టాడు, తనంతట తానే దిగాడు. ఎక్కి దిగడానికి ఆ తాడు సరిపోతుంది. అక్కడ లోటు కనపడదు.

ఎండాకాలం మొదట్లో, పొద్దున పదిన్నరకు ఫోన్ మోగింది. నర్సింలు. మాట ఊపిరిలో కలిసిపోతోంది.

"అవ్వా! ఆ తాడు మిగిలింది ఉన్నదా? జల్దీ పంపు! బావ చెట్టు మీద ఏలాడుతాండు!"

"మెల్లగ సెప్పు. ఏమైంది?"

శామీర్‌పేట దగ్గర ఒక విల్లాల కాలనీ. ఇంటి మీదికి వంగిన నీలగిరి చెట్టు. యాదగిరి పైన ఒక కొమ్మ కోస్తే అది విరిగి కింద పడకుండా ఊగి వెనక్కి వచ్చి భుజం మీద కొట్టింది. చెయ్యి విరిగినట్టుంది. నర్సింలు బావ చెప్పినట్టే మొదట్లో బిళ్ల దగ్గర తాడు వదలడం మొదలుపెట్టాడు. యాదగిరి ఒకటిన్నర బారలు కిందికి వచ్చాడు. అంతే, తాడు కొస బిళ్ల దగ్గరికి వచ్చేసింది. ఇంకా రెండంతస్తుల ఎత్తులో మనిషి.

"మొదట్ల తాడు అయిపోయిందవ్వా. బావ కింద మాత్రం మస్తు తాడు నేలదాక ఏలాడుతాంది. ఆ తాడు ఎందుకు పనికొస్తలేదు?"

అప్పుడు నాకు ఇనుప కడ్డీ కనపడింది. తాళంచెవుల గుత్తి కిందికి దిగుతుంటే, పీట పక్కనున్న పురికొస కుప్ప కరిగిపోతూ రావడం కనపడింది. నేను కాలితో తోసిన కుప్ప. మూడో ఇంత అదే. మనిషి ఎంత కిందికి రావాలో, చెట్టు మొదట్లో అంత తాడు మిగిలి ఉండాలి. మనిషి కింద వేలాడే తాడు అతను ఎక్కి వచ్చిన దారి మాత్రమే, దించడానికి అది పనికిరాదు.

దుకాణం పెట్టక ముందు మా ఆయన బావుల్లో పూడిక తీసేవాడు. ఆయన లోపలికి దిగితే పైన తాడు కొస నా చేతిలో ఉండేది. బావిలో మనిషి దిగుతుంటే తాడు నేరుగా వెంట పోతుంది. లోతెంతో తాడంతే. నా లెక్క ఆ బావి లెక్క. చెట్టులో తాడు ముందు పైకి పోయి, కొమ్మ దాటి, మనిషి దగ్గరికి రావాలి. ఆ తేడా నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు.

తాడు పంపడం కుదరదు. మేడ్చల్ నుంచి అక్కడికి ఆటో ఎంత తోలినా అరగంట దాటుతుంది. "108కు చేసినం, ఫైరింజనుకు చేసినం, వస్తున్నమన్నరు" అన్నాడు నర్సింలు. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి తొడల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి, ఎక్కువసేపు వదిలితే దెబ్బ కంటే అదే ప్రాణం మీదికి తెస్తుందని ట్రైనింగులో చెప్పారట.

"ఉలుకుతాండా?"

"ఇందాక మాట్లాడిండు. ఇప్పుడు తలకాయ వాల్చిండు."

"కొమ్మలు దించే తాడున్నదా నీ కాడ?"

"ఉన్నది. నైలాన్‌ది. ఓ పన్నెండు బారలుంటది."

"గట్టిదేనా? బొందల పడేసిన పాతది కాదు గద?"

"నీ దుకాణందే అవ్వా, పోయిన నెల కొన్న."

అప్పుడు ఫోన్‌లో ఇంకో గొంతు వినపడింది. స్థిమితమైన గొంతు. "అమ్మా, నేను పద్మావతినండీ, ఈ ఇంటావిణ్ణి. అతనికి రెండు చేతులూ కావాలి కదా, ఫోన్ నేను పట్టుకుంటాను. స్పీకర్ పెట్టాను. మీరు చెప్పండి."

"సల్లగుండు తల్లీ. నీ కంటికి కనపడేదంత నాకు సెప్పు."

ఇక ముడి ఎలా వేయాలో నేను చెప్పాలి. ముడి నా నోటికి రాదు, చేతికే వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఎవరికీ ముడిని మాటల్లో చెప్పి ఎరగను. పలుపు కొనడానికి వచ్చిన మల్లయ్య అనే రైతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫోన్‌ను గల్లాపెట్టె మీద పెట్టి, ఒక తాడును ఇనుప కడ్డీ మీదుగా వేసి ఒక కొస అతని చేతికిచ్చాను. రెండో కొసను దుకాణం గుంజకు కట్టాను.

"నువ్వు యాదగిరివి. బరువు వెట్టి గుంజు. ఇడవకు."

"నేను యాదగిరినేంది? నాకు పలుపు..."

"గుంజుమంటే గుంజు!"

మల్లయ్య గుంజాడు. తాడు బిగుసుకుంది. ఇప్పుడు నా ముందూ, అక్కడ నర్సింలు ముందూ ఒకటే బొమ్మ.

"నర్సింలూ, ఇను. బిళ్లకు పైన బిగుసుకొని పైకి పోయిన తాడున్నది గద. నీ నైలాన్ తాడు కొస వట్టుకొని దానికి చుట్టు. కిందికి నాలుగు చుట్లు. చుట్టు పక్కన చుట్టు రావాలె, ఒకదాని మీద ఒకటి ఎక్కొద్దు."

నా చేతులు చుడుతున్నాయి, నోరు చేతుల వెనకాల నడుస్తోంది.

"చుట్టిన."

"కొసను చుట్ల మీదికెళ్లి పైకి దే. పైన ఇంకొక్క చుట్టు వేసి, ఆ చుట్టు కిందికెళ్లే దూర్చి గుంజు. నైలాన్ తాడు వట్టుకొని కిందికి గుంజి సూడు. జారుతాందా?"

పద్మావతి గారు చెప్పారు. "జారుతోందండీ. కొంచెం."

"ఇంకో రెండు చుట్లు పెంచు. నైలాన్ నున్నగుంటది."

నేనూ విప్పి మళ్లీ చుట్టాను. ఆరు చుట్లు. మల్లయ్య మొహం ఎర్రబడింది గానీ తాడు వదలలేదు.

"ఇప్పుడు పట్టేసిందండీ. కదలట్లేదు," అన్నారావిడ.

"ఇగ నైలాన్ తాడును చెట్టు మొదట్ల చుట్టాలె. బెరడు ఎట్లున్నది తల్లీ? గరుకా, నునుపా?"

"పొర ఊడిపోయి నున్నగా ఉందండీ. గోడలాగా."

వేప చెట్టయితే మూడు చుట్లు చాలనేదాన్ని. నీలగిరికి నాలుగు చెప్పాను. తాడును మానుకు చుట్టినకొద్దీ ఒరిపిడి పెరుగుతుంది, పైన ఎంత బరువున్నా ఒక మనిషి చేతికి లొంగుతుంది. బావిలోకి మోటారు దించేటప్పుడు మేం గుంజకు ఇలాగే చుట్టేవాళ్లం. దీనిలో ఇంకో సుఖముంది. బిళ్లలో అయితే ముడి వచ్చి రంధ్రం దగ్గర ఇరుక్కుంటుంది. మానుకు రంధ్రం లేదు.

"నాలుగు చుట్లు చుట్టిన. ఇగ బిళ్ల ఇప్పుతున్న."

"ఆగు! చెయ్యి దియ్యి!"

నేను అరిచిన అరుపుకు మల్లయ్య ఉలిక్కిపడి తాడు వదిలేశాడు. అతని తాడు కొస కడ్డీ మీదుగా ఎగిరి నా ముందు చుట్టలు చుట్టలుగా కింద పడింది.  అక్కడ జరగబోయింది ఇక్కడ జరిగింది.

"బరువు ఇంక బిళ్ల మీదనే ఉన్నది. ఇప్పుడు ఇప్పితే పాతతాడు సప్పున పైకి పోతది, నీ బావ సప్పున కిందికొస్తడు. ముందు నైలాన్ తాడు మొత్తం బిగపట్టు. బిగపట్టినవా? ఇప్పుడు బిళ్ల కాడ మిగిలిన తాడు జానెడు ఇడువు. జానెడే. బరువు నైలాన్ మీదికి రానియ్యి."

 తర్వాత పద్మావతి గారి గొంతు. "కొత్త తాడు బిగుసుకుంది. పాతది వదులైంది. అతను ఒక జానెడు దిగాడు, అంతే ఆగిపోయాడు."

"ముడి పట్టిందా?"

"పట్టిందండీ."

"నర్సింలూ, ఇప్పుడు బిళ్ల ఇప్పు. పాత తాడు కొసను నైలాన్‌కు ఇంకో ముడి ఏసి పెట్టు. మొదటి ముడి జారినా అది ఆపుతది."

ముడి జారదని నాకు నమ్మకం ఉంది. అయినా ఆ రోజు నా నమ్మకం మీద నేను ఇంకొక మనిషిని వేలాడదీయదలుచుకోలేదు.

"ఇగ ఇడువు. చెయ్యి మార్చి చెయ్యి. తాడు అరచేతుల కాలుతది, గుడ్డ వట్టుకో. ఆపాల్నంటే మానుకు గట్టిగ ఆనించు, అదే ఆగుతది."

ఆ తర్వాత నేను చేసేది ఏమీ లేదు. గల్లాపెట్టె మీద ఫోన్, అందులో ఆకుల చప్పుడు, నర్సింలు ఆయాసం, నడుమ నడుమ ఆవిడ మాట. "వస్తున్నాడు... వస్తున్నాడు... అయ్యో, కొమ్మ మొద్దు దగ్గర కాలు తగులుకుంది."

"ఆపు. గుంజొద్దు. నీ బావను పిలువు."

నర్సింలు అరిచాడు. "బావా! ఓ బావా! కాలు దియ్యి! నీ యవ్వ, కాలు దియ్యి బావా!"

పైనుంచి ఏదో సన్నగా వినపడింది. పద్మావతి గారు నవ్వో ఏడుపో తెలియని గొంతుతో చెప్పారు. "తిడుతున్నాడండీ. స్పృహలోనే ఉన్నాడు. కాలు తీశాడు."

ఇంకొంచెం సేపటికి ఫోన్‌లో మనుషుల అలికిడి పెరిగింది. పక్కింటివాళ్లు దుప్పటి తెచ్చినట్టున్నారు. "నేల తాకాడమ్మా," అన్నారావిడ. "పట్టీలు వదులు చేస్తున్నారు. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చింది."

నేను ముక్కాలిపీట మీద కూర్చున్నాను. మల్లయ్య అరచేతులు ఊదుకుంటూ అడిగాడు. "బతికిండా?"

"బతికిండు."

"మరి నా పలుపు?"

ఇచ్చాను. అతను ఇంటికి పోయి, మేడ్చల్‌లో ముసలిది పలుపు కొనవస్తే గంటసేపు తాడు గుంజిపిచ్చిందని అందరికీ చెప్పుకున్నాడట. ఎందుకు గుంజిపించిందో కూడా చెప్పే ఉంటాడని అనుకుంటున్నాను.

యాదగిరికి భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రికి చూడబోయాను. అక్కడే చెప్పేశాను, దాచుకొని కూర్చోవడం నా వల్ల కాదు.

"తప్పు నాది. నువ్వు ఇరవై ఆరడిగితే నేను పద్దెనిమిది కోసిన."

అతను పైకి చూస్తూ పడుకొని ఉన్నాడు. "సారు సెప్పింది నాకు సమజ్ అయితే నేను నీతోని లడాయి వెట్టుకొనైనా దెచ్చుకుంటుంటి. నాకూ సమజ్ గాలె. ఎక్కేకాడికి మంచిగనే ఉండె గద."

"కొత్త తాడు దెచ్చినప్పుడు ఒక్కసారన్నా నర్సిగాడు నిన్ను కిందికెళ్లి దింపిండా?"

"లేదు."

"ఎందుకు?"

"నేను మంచిగున్నప్పుడు నన్ను దింపుడేంది? నామోషీ."

నర్సింలు మంచం కాళ్ల దగ్గర నిలబడి నేల చూపు చూస్తున్నాడు. ఇద్దరూ కలిసి కడుపు నిండా తిట్లు తిన్నారు నా చేతిలో. నేను మాత్రం ఎవరి చేతిలో తినాలి? మా ఆయన ఉంటే తిట్టేవాడు. లేడు కాబట్టి నాకు నేనే వడ్డించుకున్నాను.

మూడు నెలలకు యాదగిరి దుకాణానికి వచ్చాడు. చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు గానీ పనికి పోతాననే అంటున్నాడు. ఇరవై ఆరు బారలు కొలిచాను. పక్కకు ఇంకో రెండు వేసి ఇరవై ఎనిమిది చేశాను. కోసే ముందు ఆగాను.

"నేనొక్కపారి ఏలాడి సూస్త."

"ఏంది?"

"ఆ పట్టీలు నాకు కట్టు. మనిషి పైన ఎట్లుంటడో, కిందున్నోడు ఎట్ల దింపుతడో నాకు తెల్వాలె. తెల్వకుంట ఇంకోపారి కొయ్య."

అతను నవ్వాడు, నేను నవ్వలేదని చూసి మానుకున్నాడు. వాళ్ల ఊళ్లో ఇంటి వెనక వేపచెట్టుంది. చీర మీద హార్నెస్ కట్టడానికి వాళ్లావిడ అరగంట తంటాలు పడింది. నన్ను ఒక మనిషి ఎత్తు పైకి లాగారు, ఎక్కువ కాదు. కాళ్లు నేల వదిలేసరికి తొడల్లో పట్టీలు కోసుకున్నాయి. అయిదు నిమిషాలకే పాదాలు తిమ్మిరెక్కాయి. యాదగిరి ఎంతసేపు వేలాడాడో తలుచుకున్నాను. చేతులు ఆడించకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. విరిగిన చేతుల మనిషినని అనుకున్నాను. అప్పుడు తెలిసింది, పైనున్నవాడికి తన తాడు మీద ఏ అధికారమూ ఉండదు. అతని తాడంతా కిందున్నవాడి కాళ్ల దగ్గర కుప్పగా ఉంటుంది.

"దింపు," అన్నాను.

నర్సింలు దింపాడు. ఒక్క కుదుపు లేకుండా దింపాడు.

"మళ్ల గుంజు. ఈసారి యాదగిరి దింపాలె, ఒక్క చేత్తోని. రేపు నువ్వు పైన, వాడు కింద ఉంటె ఎట్ల?"

ఆ సాయంత్రం నన్ను మూడుసార్లు ఎత్తి మూడుసార్లు దించారు. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు గోడల మీంచి చూశారు. చూడనీ.

ఇప్పుడు దుకాణంలో నా పద్ధతి మారింది. ఎంత తాడు అని అడగను. ఎక్కడానికా, దిగడానికా అని కూడా అడగను. "దెబ్బ తగిలితే నిన్ను ఎవలు దింపుతరు? ఆ మనిషి ఎక్కడ నిలబడుతడు?" అని అడుగుతాను. అద్దాల మేడలు కడిగేవాళ్లు, సెల్ టవర్లెక్కేవాళ్లు, ట్యాంకుల్లోకి దిగేవాళ్లు అందరూ వస్తారు. చాలామందికి జవాబు ఉండదు. వాళ్లు లెక్కేసేది తాము మంచిగా ఉన్నప్పటి పొడవు. తాడును కొలవాల్సింది చేతులు ఆడని మనిషి లెక్కన అని నేను ఒక మనిషిని గాలిలో ఆపాక గాని నేర్చుకోలేదు.

మొన్న టవర్ల పని చేసే ఒక మనిషి విసుక్కున్నాడు. "తాడు అమ్ముతవా, పరీక్ష వెడుతవా అవ్వా?"

"పరీక్షే. నిన్ను దింపెటోడు ఎవడో వాణ్ణి తోలుకరా, ఇద్దర్ని అడిగి కొలుస్త."

గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు ఇద్దరూ వచ్చారు.